పసుపు చుక్క పీతల లెక్క

మునిగిన అరవై ఒకటో ఏడు, మాఘ శుద్ధ తదియ

పోటు: మామూలు. పీతలు: రెండు బుట్టలు. జబ్బు పడ్డవాళ్ళు: లేరు. ఇతర విషయాలు:

ఈ "ఇతర విషయాలు" అన్న గడి ఎంత రాసినా ఒప్పుకుంటోంది. ఈ యంత్రం పలకలో మిగతా గడులు రెండు మూడు మాటలకు మించి మింగవు. ఇందులో రాసింది ఎవరు చదువుతారని పలక ఇచ్చిన మనిషిని మా ఆయన అడిగాడు. "భద్రంగా ఉంటుంది" అన్నాడాయన. అంటే ఎవరూ చదవరని. ఇంతకంటే మంచి కబురు నాకీ మధ్య అందలేదు. నలుగురిలో నోరు పెగలని దాన్ని. చదవని వాళ్ళకు చెప్పుకోవడమైతే బాగా నప్పుతుంది.

మా ఊరు ముడితెప్ప. నలభై తెప్పలు ఒకదానికొకటి తాళ్ళతో కట్టి ఉంటాయి. కింద నీళ్ళు, చుట్టూ మడ అడవి. ఊరికొక ఇంటిని "నమూనా ఇల్లు"గా పెట్టుకుని రోజూ దాని సంగతులు రాయించాలని, నేల మునిగాక సముద్రానికి అడ్డంగా గోడ కట్టుకున్న గోడ పట్నంలోని లెక్కల కేంద్రానికి తోచింది. ఆ ఇంటిని యంత్రం కళ్ళు మూసుకుని ఏరుతుందట. ఏరింది, మా అత్తగారి ఇంటిని. మా అత్త మరిడమ్మకు రాయడం రాదు. మా ఆయన లోవరాజుకు తీరదు. పడవ బడిలో ఐదు దాకా చదివిందని పెళ్ళిచూపుల్లో మా నాన్న గొప్పకు చెప్పిన పాపానికి పలక నా ఒళ్ళో పడింది.

"ఏటి రాత్తావే అందులో?" అంది అత్త.

"మనం ఎలాగున్నామో రాయాలంట అత్తా."

"బాగున్నామని రాసెయ్. బాలేదని రాత్తే సూడ్డానికొత్తారు."

కేంద్రం వాళ్ళకు అసలు కావలసింది మేము కాదు, మా మడలోని పీతలు. వాటికి ఏటా లెక్క కడతారు. ఆ లెక్క ఎర్ర గీత కిందికి దిగితే, అడవిని మేమే తినేస్తున్నామని, మడకు విశ్రాంతి కావాలని, తెప్పల తాళ్ళు కోసి మమ్మల్ని గోడ పట్నానికి లాక్కుపోతారు. లెక్క పెరిగితే పట్నం వంటశాలలకు మేము పంపే వాటా పెంచుతారు. వాటా పంపలేకపోతే పీతలు దాస్తున్నామని లాక్కుపోతారు. ఎటు తిరిగినా లాగే తాడు ఒకటే. కిందటేడు పక్క పాయలోని వాళ్ళను అలాగే లాక్కుపోయి పద్దెనిమిదో అంతస్తులో పెట్టారట. అంత ఎత్తున పడవలు దేనికి కట్టుకుంటున్నారో ఎవరూ చెప్పలేదు.

మాఘ శుద్ధ పంచమి

లెక్కల బాబు వచ్చాడు. అసలు పేరు విహారి. పాతికేళ్ళుంటాయి. తెప్ప కదిలినప్పుడల్లా గుంజ పట్టుకుంటాడు. వెంట అంచనా గారు కూడా వేంచేశారు. అంచనా అంటే యంత్రం. బిందె అంత ఉంటుంది, మాట్లాడుతుంది, తప్పు ఒప్పుకోదు. మాట్లాడుతూ తప్పు ఒప్పుకోని దేన్నయినా మా ఊళ్ళో గారు అనే అంటాం.

కిందటేడు దాకా బురదలో బొరియలు ఎంచేవాళ్ళు. ఈసారి కొత్త పద్ధతి. మగవాళ్ళు పట్టి తెచ్చిన పీతల్లో వెయ్యింటి డిప్పల మీద బాబు పసుపు చుక్క పెట్టి మళ్ళీ నీళ్ళలో వదిలేశాడు. పట్టినవాటిని వదలడం చూసి ఊళ్ళో సగం మంది కడుపులు కాలాయి. ఎందుకు వదులుతున్నాడో బాబు చెప్పలేదు. మేమూ అడగలేదు. పట్నం వాళ్ళు చేసే పనులకు కారణం అడిగితే పొద్దుపోతుంది.

"పీత డిప్ప మార్చుకుంటాది కదండీ, అప్పుడు సుక్క పోదాండీ?" అని మాత్రం మా ఆయన అడిగాడు.

బాబు ముఖం వెలిగింది. "మంచి ప్రశ్న! దానికి సవరణ ఉంది."

"కొంగలెత్తుకుపోతేనండీ?"

"సవరణ ఉంది."

"పోటుకి పక్క పాయలోకి ఎల్లిపోతేనో?"

"దానికీ ఉంది లోవరాజుగారూ. అన్నిటికీ సవరణ ఉంది."

అన్నిటికీ సవరణ ఉన్న మనిషిని నేను మొదటిసారి చూశాను. చలికాలం నీళ్ళకు కాళ్ళు పగిలితే ఏదైనా సవరణ ఉందేమో అడగాలనిపించింది. తడిక వెనకే ఉండిపోయాను.

వెళ్తూ వెళ్తూ బాబు ఆడవాళ్ళ వైపు తిరిగి చేతులు జోడించాడు. "ఈ చుక్క ఉన్నవి చాలా విలువైనవమ్మా. వాటికేమీ కాకుండా చూడండి."

"అది మాకు సెప్పాలేటి బాబూ!" అంది అత్త. కొంచెం నొచ్చుకుంది కూడా.

నిజమే, చెప్పక్కర్లేదు. ఏటా మొదటి పీతకు అత్త పసుపు బొట్టు పెట్టి గంగమ్మకు వదులుతుంది. బొట్టున్నది మళ్ళీ వలలో పడితే కళ్ళకద్దుకుని నీళ్ళలో వదిలేయాలి. తింటే ఏమవుతుందో తెలియదు, తిన్నవాళ్ళు లేరు. మేము ఏడాదికి ఒక్కటి మొక్కుకుంటే కేంద్రం వాళ్ళు ఒకేసారి వెయ్యి మొక్కుకున్నారు.

"పట్నపోళ్ళకీ బయం ఉందే," అని అత్త మెచ్చుకుంది. "ఉండదేటి మరి? ఆళ్ళ గోడకి అవతల ఉన్నది గంగమ్మే గదా."

మాఘ శుద్ధ ద్వాదశి

పీతలు: లెక్కలేదు, చేతులు పడిపోయాయి.

ఈరోజు అన్ని పడవలూ మడలోకి వెళ్ళి పట్టినంత పట్టి తేవాలని బాబు హుకుం. తెచ్చిన వాటిని అంచనా గారి ముందు ఒక్కొక్కటిగా పెడితే ఆయన చూసుకుంటారట. కాళ్ళు కట్టని పీతను ఎవరి ముందైనా ఎలా పెడతాం? అందుకని ముందు ఆడవాళ్ళం వరసగా కూర్చుని కాళ్ళు కట్టాం. పీత కాళ్ళు కట్టడమంటే కోపంగా ఉన్న కత్తెరకు జడ వేయడం లాంటిది. మెడమీద చెయ్యి వేసినట్టు వెనక నుంచి పట్టాలి, మాట్లాడకూడదు, పరధ్యానం పనికిరాదు. మాట్లాడకపోవడం నాకు వచ్చు. అందుకే అత్త నన్ను ఈ పనికి మెచ్చుకుంటుంది, ఈ పనికి మాత్రమే.

పసుపు చుక్కవి బాగానే పడ్డాయి. కళ్ళకద్దుకోవడం, తెప్పల సందులోంచి నీళ్ళలోకి జార్చడం. మధ్యాహ్నానికి నా కనుబొమలు నీచు వాసన కొట్టాయి. పక్క తెప్ప సింహాచలం పిన్నికి చూపు ఆనదు. ఆవిడ కట్టేసిన వాటిలో ఒకటో రెండో చుక్కవి పోయాయేమోనని అత్త అనుమానం.

"ఒసే సింహాచలం, గంగమ్మ పీతకి కాళ్ళు కట్టేత్తే నీ కాళ్ళు పడిపోతాయే!"

"పడిపోతే నువ్వొండి పెడుదువులేవే. ఎలాగూ నీ కోడలే గదా వొండేది."

అందరూ నవ్వారు. నేను తల వంచుకుని ఇంకో పీతకు జడ వేశాను.

మాఘ పౌర్ణమి

లెక్క వచ్చింది. వలల్లో పడ్డ వెయ్యింటిలో చుక్కవి మూడంటే మూడే దొరికాయట. అందుచేత మా మడలో పీతలు మూడు లక్షల ముప్పై వేలని అంచనా గారు సెలవిచ్చారు. మూడింటికీ లక్షలకూ ఏం చుట్టరికమో నాకు అర్థం కాలేదు. ఊళ్ళో ఎవరికీ కాలేదు. గీతకు అంత పైన ఉన్నామంటే ఇక లాక్కుపోరని మాత్రం అందరికీ అర్థమైంది. డప్పులు తీశారు.

"నమ్మక పరిధి లక్ష నుంచి పదహారు లక్షల వరకు," అని కూడా అన్నారు అంచనా గారు.

అంటే పీతలు లక్ష ఉండొచ్చు, పదహారు లక్షలైనా ఉండొచ్చు, మధ్యలో ఎక్కడైనా ఉండొచ్చునట. దీనికి పట్నంలో నమ్మకం అని పేరు. అన్నం ఎప్పుడవుతుందే అని అత్త అడిగినప్పుడు, పొద్దున్నుంచి దసరా లోపల అని నేనంటే ఏ నమ్మకం మిగులుతుందో నాకు తెలుసు.

డప్పులు ఆగకముందే వాటా చెప్పారు. కిందటేటికి ఇరవై రెట్లు. డప్పులు ఆగాయి.

మాఘ బహుళ ఏకాదశి

పీతలు: అర బుట్ట.

మగవాళ్ళు పొద్దున పోయి పొద్దుగూకి వస్తున్నారు. పిల్ల పీతల్ని కూడా పట్టేస్తే వచ్చే ఏడు ఏం తింటామని మా ఆయన, పట్టకపోతే ఈ ఏడు ఎక్కడుంటామని మిగతావాళ్ళు. వాటాలో పదోవంతు కూడా వెళ్ళలేదు. లక్షల పీతలు మడలో ఉండగా బుట్టల్లోకి రాలేదంటే ఎక్కడో దాచామని కేంద్రం తేల్చుకుంది. ఈ ఉదయం కాపలావాళ్ళు వచ్చి ఇల్లిల్లూ వెతికారు.

మా ఇంట్లో వంట పాత్రలన్నీ బోర్లించారు. ఒకడు మాగాయ జాడీ మూత తీసి చెయ్యి పెట్టబోయాడు.

"తడి సెయ్యి! తడి సెయ్యి పెట్టకు నాయనా!" అని అత్త కేక వేసింది. తెప్పలు లాక్కుపోతామన్నప్పుడు కూడా ఆవిడ అంత కేక వేయలేదు.

వాడు హడలిపోయి గరిటె అడిగాడు. గరిటెతో కెలికి, పీతలు లేవని రూఢి చేసుకుని, గరిటె నాకి, ఉప్పు సరిపోయిందని చెప్పి పోయాడు. ఆ సంగతి ఏ గడిలో రాయాలో తెలియక ఇక్కడ రాశాను.

తలుపుకు కాగితం అంటించి వెళ్ళారు. చైత్ర పౌర్ణమి పోటుకు నీళ్ళు ఎత్తుగా ఉంటాయి కాబట్టి లాగడానికి వీలుగా ఉంటుందని, ఆలోగా వాటా నిండాలని. అత్తకు చదివి వినిపించాను. ఆవిడ చాలాసేపు తెప్ప తాడును చేత్తో తడుముతూ కూర్చుంది. ఆ తాడు మా మామగారు పేనింది. ఆయన పోయినప్పుడు అత్త ఆయన్ని ఈ తెప్ప మీద నుంచే చితికి సాగనంపి, బూడిద ఈ నీళ్ళలోనే కలిపిందట.

"మేడ మీద పోతే నన్ను ఏ నీళ్ళలో కలుపుతారే?" అంది.

నేను బోర్లించిన పాత్రలు సర్దడం మొదలుపెట్టాను.

ఫాల్గుణ శుద్ధ దశమి

బాబుకు మా మీద జాలి ఉంది. ఇంకోసారి లెక్క కడితే అంకె తగ్గుతుందేమోనని పైవాళ్ళతో పోట్లాడి అనుమతి తెచ్చుకున్నాడు. వారం కిందట మళ్ళీ వెయ్యి పీతలు, మళ్ళీ పసుపు చుక్కలు, మళ్ళీ నీళ్ళలోకి.

"ఎంత మొక్కున్నాదో ఆ పిల్లోడికి," అని అత్త కళ్ళు తుడుచుకుంది. "మనకోసమేనే. మనల్ని లాక్కుపోకూడదని."

కిందటిసారి అపచారం జరిగిందన్న అనుమానంతో ఈసారి ఆడవాళ్ళంతా చందాలేసుకుని సింహాచలం పిన్నికి కళ్ళద్దాలు తెప్పించారు. ఇవాళ కాళ్ళు కట్టేటప్పుడు ఆవిడ చూపుకు ఒక్కటీ తప్పించుకోలేదు. గంగమ్మకు పైసా బాకీ లేకుండా చేశామని అందరం తృప్తిపడ్డాం.

ఫాల్గుణ పౌర్ణమి

చుక్క పీతలు సున్నా దొరికాయి.

సున్నా వస్తే పీతలు ఎన్నో చెప్పడం కుదరదట. లెక్క ప్రకారం అంతులేనన్ని ఉన్నట్టట. అంచనా గారు కాసేపు మూగబోయారు. నాకు ముచ్చటేసింది. కానీ దీనికీ సవరణ ఉంది. దొరకని పీత ఒకటి దొరికినట్టే అనుకోవాలట. అలా ఎక్కడా లేని ఆ ఒక్క పీతను కలుపుకుంటే మొత్తం పది లక్షలని తేలింది.

వాటా మళ్ళీ పెరిగింది. మా ఊళ్ళో ఇప్పుడు అందరికంటే ఎక్కువ తిట్లు తింటున్నది ఆ లేని పీతే.

ఫాల్గుణ బహుళ విదియ

ఇతర విషయాలు: పులుసు మాడింది. ఎందుకో రాస్తాను.

బాబును మా ఆయన భోజనానికి పిలిచాడు. మనిషి సగమైపోయాడు. రెండు లెక్కలూ నమ్మశక్యంగా లేవని పట్నంలో ఆయనకూ చీవాట్లేనట. అన్నం ముందు కూర్చుని, "అసలీ మొక్కులన్నీ ఎందుకండీ బాబుగారూ?" అని మా ఆయన అడిగితే, మొక్కులేమిటో అర్థం కాక, లెక్క గురించేమో అనుకుని, అత్త చేటలోని బియ్యం లాక్కున్నాడు.

"ఇందులో గింజలెన్నో ఎంచకుండా చెప్పాలనుకోండి. ఒక గుప్పెడు తీసి పసుపు కలిపి, మళ్ళీ అందులోనే పోసి బాగా కలియబెడతాను. ఇప్పుడు ఇంకో గుప్పెడు తీస్తాను. అందులో పచ్చ గింజలు చాలా వచ్చాయంటే చేటలో బియ్యం కొంచెమే. ఎక్కడో ఒకటి వచ్చిందంటే చేటలో బియ్యం బోలెడు. చుక్క పీతలూ అంతే. వలలో ఎంత తక్కువ పడితే మడలో అన్ని ఎక్కువ ఉన్నట్టు."

"అచ్చింతలొండుకు తినాలేటి ఇప్పుడు?" అని అత్త చేట వెనక్కి లాక్కుంది.

నేను తడిక ఇవతల పులుసు కలుపుతున్నాను. గరిటె ఆగిపోయింది. తెప్పల సందులోంచి జారిన పసుపు చుక్కలన్నీ ఒక్కొక్కటే కళ్ళముందు కదిలాయి. మేమే. ఆ లక్షలు మేమే పుట్టించాం. కళ్ళకద్దుకుని మరీ పుట్టించాం. పాపం పిన్ని కళ్ళద్దాలు కూడా పుట్టించాయి, ఏడు లక్షలు.

మాడు వాసనకు అత్త వచ్చి నా వీపున ఒకటి వేసింది. బాబు వెళ్ళాక మా ఆయన చెవిలో చెప్పాను.

"మావా, ఆ సుక్కలు మొక్కులు కాదు."

ఆయనకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ తాడు వైపు చూసి ఆపేశాడు.

ఫాల్గుణ బహుళ సప్తమి

అత్తకు చెప్పడం మాటలు కాదు. మొన్న మా ఆయన చెప్పాడు. ఆవిడ విన్నది. విని, "అయితే?" అంది.

"అయితే ఏటే అమ్మా, ఇంకముందు వదలకూడదు. లెక్కలో పెట్టాలి."

"గంగమ్మ బొట్టున్నదాన్ని పట్నం మూకుడులోకి పంపుతావా?"

"అది బొట్టు కాదే! రంగు!"

"పసుప్పచ్చగా ఉంది. నెత్తిన ఉంది. నీళ్ళలో ఒదిలారు. ఇంకేటి కావాలిరా బొట్టవ్వడానికి? పెట్టినోడికి తెలీకపోతే బొట్టు కాకుండా పోద్దా?"

మా ఆయన దగ్గర దీనికి సవరణ లేదు. నా దగ్గరా లేదు. ఊరంతా అత్త వైపే. లాక్కుపోతే పోదాం గానీ ఆ పని చేయం అన్నారు.

నిన్న మా ఆయన జరిగింది జరిగినట్టు బాబుకు చెప్పేశాడు. బాబు గుంజ వదిలేసి తెప్ప మీద కూలబడ్డాడు. డిప్పలకూ కొంగలకూ పోటుకూ సవరణలున్న మనిషి, అత్త కళ్ళకద్దుకోవడానికి సవరణ లేక తెల్లబోయాడు. పైకి చెబితే నమూనా చెరిపినందుకు మమ్మల్ని రేపే లాక్కుపోతారు, ముందుగా అడిగి తెలుసుకోనందుకు ఆయన్ని ఎల్లుండి ఇంటికి పంపుతారు. అందుకని చప్పుడు చేయకుండా గుర్తు మార్చేద్దామన్నాడు.

ఏం గుర్తు? మా ఆయన రాత్రి నన్నడిగాడు. నేను చాలా తెలివిగా ఆలోచించాను.

"కేంద్రం ముద్ర వేయమను మావా. దానికెవరు దండం పెడతారు?"

చైత్ర శుద్ధ విదియ

తెలివి ఎక్కువైంది.

కేంద్రం ముద్రకు ఎవరూ దండం పెట్టలేదు. అంతవరకు నా మాట నిలబడింది. కానీ ముద్ర ఉన్న పీత కనబడితే చాలు, పక్కనున్న లావుపాటి పీతను వదిలేసి మరీ దాన్ని పట్టారు. మాగాయ కెలికిన కసి, వాటా కసి, కాగితం అంటించిన కసి, అన్నీ దాని మీదే. ఒక్కో ముడికి ఒక్కో తిట్టు చొప్పున కాళ్ళు కట్టాం. సింహాచలం పిన్ని అద్దాలు తుడుచుకుని, "ఇదిగో ఇంకో ఆపీసరు," అంటూ ఏరింది. నేను మనసులో తిట్టాను.

వెయ్యింటిలో నాలుగు వందలు ముద్రవే వచ్చాయి. బాబు చెప్పిన బియ్యం లెక్కే. పచ్చ గింజలు ఎక్కువైతే చేటలో బియ్యం కొంచెం. మడలో పీతలు రెండున్నర వేలేనని అంచనా గారు తేల్చారు. ఎర్ర గీత పదిహేను వేల దగ్గర ఉంది.

అంటే కిందటి పున్నానికి పది లక్షలున్నవి ఇప్పుడు రెండున్నర వేలు. మిగతావి ఏమయ్యాయి? మేము తినేశామట. నలభై తెప్పల జనం పదిహేను రోజుల్లో పది లక్షల పీతలు. అది విన్నప్పటి నుంచి మా ఆయనకు అజీర్తిగా ఉంది.

ఇప్పుడు దాచినందుకు కాదు, తిన్నందుకు లాక్కుపోతారు. పౌర్ణమే, తేదీ మారలేదు. ఈ కేంద్రం వాళ్ళు దేనికైనా నిలకడ చూపిస్తారంటే దానికే.

ఇది నా సలహా అని ఊళ్ళో ఎవరికీ తెలియదు. మా ఆయన చెప్పలేదు. అన్నం తినేటప్పుడు నా వైపు చూడలేదు, అంతే. అది చాలు.

చైత్ర శుద్ధ చవితి

బాబు వచ్చాడు. ఇంత తేడాగా వచ్చిన లెక్క చెల్లదని వాదించి, పౌర్ణమి లోపల ఆఖరిసారి కట్టుకోవడానికి ఒప్పించుకున్నాడట. గుమ్మంలో కూర్చుని, మంచినీళ్ళు కూడా తాగకుండా మా ఆయనతో అన్నాడు:

"మీకు ఇష్టమైన గుర్తు పెడితే వదిలేస్తున్నారు. ఇష్టం లేనిది పెడితే వెతికి పడుతున్నారు. నేనేం చేసేది? మీరే చెప్పండి."

మా ఆయన చెప్పలేదు. అత్త మంచినీళ్ళ చెంబు ముందుకు జరిపింది. పద్దెనిమిదో అంతస్తు గుర్తొచ్చింది. ఆ తరవాత నా గొంతు నాకే వినబడింది.

"ఎవరికీ పట్టని గుర్తు పెట్టండి."

బాబు మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలియక అంచనా గారి వైపు చూశాడు. ఆయన కాదని తెలిశాక తడిక వైపు తిరిగాడు.

"ఎవరికీ పట్టనిదంటే ఎలాంటిదమ్మా?"

"ఇంట్లోనే ఉంటాదండి. రోజూ అందరి సేతుల్లోనే పడతాదండి. కానీ ఉందని ఎవరూ..."

నాలాంటిది అనబోయి ఆపేశాను. గరిటె ఎందుకు పట్టుకున్నానో, పొయ్యిమీద ఏమీ లేదు.

"ఓర్నాయనో, దీనికి నోరుందిరా!" అంది అత్త.

బాబు మాత్రం లేచి నిలబడ్డాడు. పీత పొట్ట కింద మడతలో పూస్తే కంటికి కనబడని పూత ఒకటి ఉందట. అంచనా గారి వెలుగులో మాత్రమే మెరుస్తుందట. రంగు లేదు, ముద్ర లేదు. కొంచెం జిగురుగా ఉంటుంది, అంతే.

"అది బొట్టవుద్దా అమ్మా?" అని మా ఆయన భయపడుతూ అడిగాడు.

అత్త ఆలోచించింది. ఊరి ధర్మం అంతా ఆవిడ నోట్లో ఉంది. మేము ముగ్గురం ఆ నోటి వైపే చూశాం.

"బొట్టు నెత్తిన పెడతారు గానీ కడుపు కింద పెడతారేట్రా?" అంది చివరికి. "అది బొట్టు కాదు."

చైత్ర శుద్ధ ఏకాదశి

కాళ్ళు కట్టాం. పసుపు చుక్కవి పాతవి ఏవో రెండు మూడు పడితే మామూలుగానే కళ్ళకద్దుకుని వదిలాం. మిగతావి ఎవరికీ పట్టలేదు. పూత ఎవరికీ కనబడలేదు. పిన్ని కళ్ళద్దాలకు కూడా.

కానీ పీతను వెల్లకిలా తిప్పి కట్టేటప్పుడు బొటనవేలు పొట్ట మడత మీదే ఆనుతుంది. అక్కడ జిగురు తగులుతుంది. నా వేలికి తగిలింది. మా అత్త ఈ పని నలభై ఏళ్ళుగా చేస్తోంది. నా పక్కనే కూర్చుంది. ఒక పీత దగ్గర ఆవిడ బొటనవేలు ఆగింది. అలాగే ఉండిపోయింది. నా చేతిలో పీత కరిచినా నాకు తెలియలేదు.

ఆవిడ తల తిప్పి నన్ను చూసింది.

"ఏటే అలా సూత్తావ్? నాకసలే కళ్ళు ఆనవు," అంది.

ముడి బిగించి బుట్టలో వేసింది.

చైత్ర పౌర్ణమి

పోటు: చాలా ఎత్తు. పీతలు: పట్టలేదు.

పొద్దునే లాగుడు పడవలు రెండు వచ్చి నిలబడ్డాయి. మొనకు కొక్కేలు, చుట్టలు చుట్టలుగా తాళ్ళు. ఊరంతా సామాను మూటలు కట్టుకుని తెప్పల మీద కూర్చుంది. అత్త మాగాయ జాడీని చంటిపిల్లను పెట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుంది. బాబు అంచనా గారిని మధ్య తెప్ప మీద దించి మీట నొక్కాడు.

"పీతలు పన్నెండు వేల నుంచి పద్దెనిమిది వేల మధ్య," అన్నారు అంచనా గారు. "ఎర్ర గీత పదిహేను వేలు."

లాగుడు పడవ నడిపే సారంగు కొక్కెం చేత్తో పట్టుకుని ఉన్నాడు. "అయితే గీతకి పైనా, కిందా?"

"చెప్పలేను."

"లాగమంటావా వద్దంటావా?"

"చెప్పడానికి తగిన ఆధారం లేదు. ఏడాది పొడుగునా నమూనాలు తీయాలి. అంతవరకు నమూనాలు తీసేవాళ్ళు మడలోనే ఉండాలి. అంతవరకు వాటా తక్కువ అంకె మీదే కట్టాలి."

సారంగు బాబును చూశాడు, బాబు ఆకాశాన్ని చూశాడు. "చెప్పలేని పనికి ఇంత దూరం పిలిచారా?" అని సారంగు గొణుక్కుంటూ కొక్కెం లోపల పడేశాడు. పడవలు తిరిగాయి. వాటి అలకు తెప్పలు ఊగాయి. మామగారు పేనిన తాడు కిర్రుమంది, తెగలేదు.

ఇన్ని లక్షలు విన్నాక, పన్నెండూ పద్దెనిమిదీ అన్నవి చిన్న అంకెలే. వాటి మధ్య సందు ఇరుకే. కానీ నలభై తెప్పలు సర్దుకోవచ్చు. మేము అంతకంటే ఇరుకులో బతికాం.

"ఇన్నాళ్ళకి తెలీదన్న మాట దాని నోట్లోంచొచ్చింది," అంది అత్త. "ఇక గారూ గీరూ ఎందుకు? మన పిల్లే."

జాడీ నా చేతికిచ్చి లేచింది. ఇంట్లోకి వెళ్ళి పసుపు భరిణె తెచ్చింది. అంచనా నెత్తిమీద నిండుగా బొట్టు పెట్టింది. ఊరంతా చేతులు జోడించింది.

బాబు ముఖం పాలిపోయింది. బొట్టు పెట్టినదాన్ని మేమేం చేస్తామో ఈసరికి ఆయనకు బాగా తెలుసు. అత్త రెండడుగులు ముందుకు వేసేలోగా యంత్రాన్ని రెండు చేతులా కావలించుకుని, గుంజ కూడా పట్టుకోకుండా, ఒక్క గంతులో పడవ ఎక్కేశాడు.